కొలతకు ముహూర్తం చిగురే పెట్టాలి

పన్ను క్యాప్‌కి కొలత తీయడమంటే మా పేషెంట్ల లెక్కలో పుట్టీ పిసకడమే. రెండు డబ్బాల్లోంచి రెండు రంగుల ముద్దలు తీసి, చారలు పోయేదాకా పిసికి, ట్రేలో పరిచి నోట్లో నొక్కి, నాలుగైదు నిమిషాలు పట్టుకుని లాగితే పళ్ల అచ్చు వచ్చేస్తుంది. చూసేవాళ్లకి అంతే. ఆ పిసికే ఘట్టానికి వచ్చేసరికే నా పని ముప్పాతిక వంతు అయిపోయి ఉంటుందని, కొలత బాగా వస్తుందో రాదో అప్పటికే తేలిపోయి ఉంటుందని చెబితే నవ్వుతారు. ఒంగోల్లో ప్రాస్థోడాంటిస్టుని. అంటే క్యాపులు, బ్రిడ్జిలు, పళ్ల సెట్లు కట్టే డాక్టర్ని. ఇన్నేళ్ల పనిలో నాకు బాగా తలకెక్కిన సంగతి ఒకటుంది: కొలత ఏ రోజు తీయాలన్నది నా అపాయింట్‌మెంట్ పుస్తకం చూసి చెప్పకూడదు, చిగురు చూసి చెప్పాలి.

నేను తీసిన కొలత సాయంత్రం ఆర్టీసీ కార్గోలో విజయవాడ ల్యాబుకి వెళుతుంది. అక్కడి టెక్నీషియన్ అందులో డై స్టోన్ అనే గట్టి ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక విడదీసి, నేను అరగదీసిన పన్ను చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీత గీస్తాడు. ఆ గీతే మార్జిన్. అరగదీసిన భాగం ఆగిపోయి, ముట్టని పన్ను మొదలయ్యే అంచు అది. క్యాప్ సరిగ్గా అక్కడ కూర్చోవాలి. పెన్సిల్ ఎక్కడైనా తడబడితే నాకు ఫోన్ వస్తుంది.

"మేడం, నాలుకవైపు మార్జిన్ దొరకట్లేదు. అందాజుగా గీసెయ్యమంటారా?"

అందాజుగా గీస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. క్యాప్ ఒకచోట పొట్టిదవుతుంది, ఇంకోచోట బయటికి పొడుచుకొస్తుంది. పొట్టిదైన చోట సిమెంట్ బయటపడి మెల్లగా కరుగుతుంది. పొడుచుకొచ్చిన చోట అన్నం మెతుకు, మాంసం పీచు ఇరుక్కుని చిగురు వాస్తుంది. 1971లో మెక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అనే ఇద్దరు వెయ్యికి పైగా క్యాపులు, పూరకాలు పరిశీలించి, పన్నుకీ క్యాప్‌కీ మధ్య సందు 120 మైక్రాన్లు దాటకపోతే ఫరవాలేదన్నారు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా లేని ఆ లెక్కనే ఇప్పటికీ అందరం పట్టుకుని వేలాడుతున్నాం. నోట్లో ఒక్క ఉమ్మి బొట్టు తాలూకు మందం అంతకంటే ఎక్కువ.

ఇక్కడే సిలికాన్ గురించి చెప్పాలి. క్యాపులకి ఇప్పుడు మేం ఎక్కువగా వాడేది అడిషన్ సిలికాన్. 1970లలో వచ్చిన సరుకు. కొలత బయటికి తీశాక కుంచించుకుపోదు, బస్సులో ఊగినా, ల్యాబులో రెండ్రోజులు పడి ఉన్నా మారదు. కానీ స్వభావరీత్యా దానికి నీళ్లంటే పడదు. తడి కనపడితే దూరం జరుగుతుంది. కంపెనీలు ఇందులో తడిని కాస్త ఓర్చుకునే పదార్థాలు కలిపి, డబ్బా మీద 'హైడ్రోఫిలిక్' అని పెద్దక్షరాలతో అచ్చు వేస్తున్నాయి. ఆ మాట పట్టుకుని మార్జిన్ మీద ఉమ్మి ఉండగానే లైట్ బాడీ, అంటే పుట్టీ కంటే పల్చటి సిలికాన్, పోస్తే గీత చెమ్మ తగిలిన బెల్లం అచ్చు అంచులా గుండ్రంగా వస్తుంది. 1965 నుంచి ఉన్న పాలీఈథర్ తడిని ఇంకొంచెం సహిస్తుంది, కానీ గట్టిపడ్డాక నోట్లోంచి లాగడం ఒక యుద్ధం. వదులైన పళ్లున్నవాళ్లకి నేను దాని జోలికి పోను. ఒకప్పుడు సముద్రపు నాచు నుంచి తీసిన అగార్‌తో క్యాపుల కొలతలు తీసేవాళ్లు. తడితో దానికి పేచీ లేదు. అయితే దాన్ని మరిగించాలి, వేడినీళ్లలో నిలవుంచాలి, ట్రేలో చన్నీళ్లు పారించి చల్లార్చాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నుంచి అగార్ రావడం ఆగిపోయాక వేరే రకం నాచుతో చేసిన ఆల్జినేట్ ముందుకొచ్చింది. సెట్లకి, క్లిప్పులకి ఇప్పటికీ దాన్నే కలుపుతాం. మార్జిన్ పట్టే సన్నపు పనికి అది చాలదు.

తడి సంగతి ఒక ఎత్తు, చిగురు ఇంకో ఎత్తు.

చిగురు పన్నుకి అంటుకుపోయి ఉండదు. పైన చుట్టూ ఓ సన్నని గాడి ఉంటుంది, దాని కింద చిగురు పన్నుని పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు ఎంత లోతు ఉంటుందో 1961లో గార్గియులో, వెంట్జ్, ఆర్బన్ కొలిచారు. సగటున 2.04 మిల్లీమీటర్లు. నా మార్జిన్ ఆ రెండు మిల్లీమీటర్ల జాగాలోకి చొరబడిందంటే, క్యాప్ ఎంత అందంగా ఉన్నా ఆ చిగురు జన్మలో మానదు. ఎర్రగా ఉబ్బి, బ్రష్ తగిలితే చాలు రక్తం చిమ్ముతూనే ఉంటుంది. అందుకని గాడి లోపల అర మిల్లీమీటరు దాకా, తప్పనిసరైతేనే దిగుతాం. దవడ పళ్లకైతే చిగురు పైనే ఆగిపోవడం నాకిష్టం. ఎవరూ చూసేది కాదు కదా.

ముందు పళ్ల దగ్గర అది కుదరదు. ముఖ్యంగా మా వైపు. పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల నుంచి పెళ్లీడు పిల్లలు వస్తారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగి పెరిగిన పళ్లు, గోధుమరంగు మరకలు, గుంటలు. దేశంలో ఫ్లోరోసిస్ మొట్టమొదట 1937లో రికార్డుకెక్కింది అప్పటి నెల్లూరు జిల్లాలో, ఈ చుట్టుపక్కలే. వాళ్లకి పై ముందు పళ్లకి క్యాపులో వెనీర్లో వేస్తే నవ్వినప్పుడు అంచు కనపడకూడదు, చిగురు లోపల దాగాలి. వయసులో ఉన్న పిల్లలు, చిగుళ్లు గట్టిగా, లేత గులాబీ రంగులో ఉంటాయి. కొలతకి వాళ్లంత మంచి పేషెంట్లు ఉండరు, శుభ్రంగా తోముకున్నంతవరకూ. పళ్ల రంగు చూసుకుని చిన్నప్పటి నుంచి నోరు మూసుకు తిరిగిన పిల్ల, బ్రష్ చేసుకోవడం మీద కూడా విరక్తి పెంచుకుని ఉంటే మాత్రం ముందు గార తీయాలి. ఆ తర్వాత రెండు వారాలు ఆగాలి.

చిగురు లోపల ఉన్న అంచు సిలికాన్‌కి అందాలంటే చిగురుని కాసేపు పక్కకి జరపాలి. మార్జిన్ దగ్గర గాడి కనీసం 0.2 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. అంతకన్నా సన్నగా ఉంటే లైట్ బాడీ లోపలికి వెళ్లినా, ట్రే లాగేటప్పుడు ఆ పొర చిరిగిపోతుంది. ఈ పనికి వాడేదే కార్డ్, నూలు తాడు. 000 నుంచి 3 దాకా సైజులుంటాయి. 000 అంటే కుట్టుదారం కంటే కాస్త లావు, అంతే. అల్లిన రకం నాకు నచ్చుతుంది, తడిసినప్పుడు ఉబ్బి చిగురుని బయటికి నెడుతుంది, సాధనం మొన కిందనుంచి జారిపోదు.

కార్డ్ పెట్టడం చూడ్డానికి తాడుని కుక్కడంలా ఉంటుంది. కుక్కకూడదు. ముందు పన్ను చుట్టూ ఉంగరంలా చుట్టి, రెండు పళ్ల సందులో మొదలుపెడతాను. అక్కడ గాడి కాస్త లోతుగా ఉంటుంది, మొదటి పట్టు దొరుకుతుంది. సాధనాన్ని నిటారుగా దించితే ఇక్కడ దిగినది అక్కడ లేస్తుంది. అందుకని ఒరగపెట్టి, అప్పటికే కూర్చున్న భాగం వైపుకి నెడుతూ పోవాలి. ఎంత బలం పెట్టాలన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు, చెప్పజాలదు కూడా. చిగురు రంగు చూస్తుంటాను. సాధనం ఆనిన చోట ఓ క్షణం తెల్లబడి, తీయగానే రంగు తిరిగి రావాలి. తెల్లగానే ఉండిపోయిందంటే ఎక్కువ నొక్కుతున్నట్టు. పల్చటి చిగుళ్లవాళ్లకి ఈ దెబ్బ నెల తర్వాత బయటపడుతుంది: చిగురు వెనక్కి తగ్గి, దాగవలసిన అంచు అద్దంలో కనపడుతుంది.

లోతుగా ఉన్న మార్జిన్లకి రెండు కార్డులు వేస్తాను. అడుగున 000, దాని మీద లావుది. కొలత తీసేముందు పైది లాగేస్తాం, అడుగుది లోపలే ఉండి రక్తాన్ని, చిగురు ఊటని ఆపుతుంది. అయిదు నిమిషాలు ఉంచితే చాలు. పావుగంట ఉంచితే ఇంకా బాగా తెరుచుకుంటుందనుకోవడం భ్రమ, చిగురు చిరాకు పడటం తప్ప లాభం లేదు. తీసేముందు కార్డ్‌ని ఒక బొట్టు నీళ్లతో తడపాలి. ఎండిన కార్డ్ చిగురు లోపలి పొరకి అంటుకుని ఉంటుంది. దాన్ని విసురుగా లాగితే పొర ఊడి, అంతసేపూ ఆపిన రక్తం ఒక్కసారిగా పొంగుతుంది. హౌస్ సర్జన్లు ఎవరైనా నా దగ్గర నేర్చుకోడానికి వస్తే మొదట ఈ తడి బొట్టు అలవాటు చేస్తాను. కార్డ్ బయటికి వచ్చాక నాకున్న టైము అర నిమిషం. చిగురు మళ్లీ మూసుకోవడం మొదలుపెడుతుంది. ఆ అర నిమిషంలో లైట్ బాడీ మొన గాడిలో పెట్టి, మొన ఎక్కడా పైకెత్తకుండా పన్ను చుట్టూ తిరిగి రావాలి. ఎత్తితే గాలి దూరుతుంది, గాలి దూరిన చోట కొలతలో బొక్క.

కార్డ్‌కి పట్టించే మందుల దగ్గర ఒక్కో డాక్టరుకి ఒక్కో మతం. అల్యూమినియం క్లోరైడ్ నా మతం. రక్తం ఆపుతుంది, చిగురుని బిగిస్తుంది, మరక వేయదు. ఫెర్రిక్ సల్ఫేట్ అంతకన్నా గట్టిగా ఆపుతుంది, కానీ చిగురు నల్లబడుతుంది. దవడ పన్నుకైతే ఎవరికీ పట్టదు. పెళ్లిచూపులు దగ్గరపడిన అమ్మాయికి ముందు పళ్ల దగ్గర వాడితే ఆ ఇంట్లోవాళ్లు నాకు చేసే ఫోన్లు నేను భరించలేను. పైగా దాన్ని బాగా కడగకపోతే నల్లటి గడ్డలు గాడిలోనే ఉండి కొలతలోకి వస్తాయి. అడ్రినలిన్ ఎక్కించిన కార్డులు ఒకప్పుడు ఎక్కువ వాడేవాళ్లు. చిట్లిన చిగురు అడ్రినలిన్‌ని రక్తంలోకి లాగేసుకుంటుంది. గుండె దడ, బీపీ పెరగడం చూసినవాళ్లెవరూ మళ్లీ వాడరు. కరెంటు మొనతో చిగురు కోసే పద్ధతి కూడా ఉంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లని ఆ యంత్రం దరిదాపులకి రానివ్వకూడదు.

ఇప్పుడు ఉమ్మి. మనిషి నోట్లో రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. చెంప లోపల, పై రెండో దవడ పన్ను ఎదురుగా చిన్న బొడిపె ఉంటుంది, నాలుకతో తడిమితే మీకే తెలుస్తుంది. అది పెరోటిడ్ గ్రంథి నాళం తలుపు. నాలుక కింద సన్నని తాడులాంటి చర్మానికి అటూ ఇటూ ఇంకో రెండు తలుపులు. పై పళ్ల కొలత తీస్తున్నామంటే చెంపలో ఆ బొడిపె మీద కాటన్ రోల్. కింది పళ్లకైతే నాలుక కింద ఒకటి, చెంపలో ఒకటి, ఇవి కాక పైన బొడిపె మీద ఇంకోటి. కింది దవడకి పై కాటన్ ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. పైనుంచి కారేది కింద కాక ఎక్కడ నిలుస్తుంది?

కింది రెండో దవడ పన్నంత మొండి చోటు నోట్లో ఇంకోటి లేదు. నాలుక ఒకవైపు, చెంప ఒకవైపు, గొంతు వెనక. నాలుకకి కాటన్ రోల్ అంటే కుతూహలం, నెట్టకుండా ఉండలేదు. మొద్దుబారే ఇంజక్షన్ ఇచ్చాక ఊట కూడా కొంత తగ్గుతుంది, కాబట్టి రూట్ కెనాల్ అయి నొప్పి తెలియని పన్నుకైనా కష్టమైన చోట్ల ఇంజక్షన్ ఇస్తాను. మా క్లినిక్ కింద ఒక మెస్ ఉంది. పదకొండున్నరకి పప్పుచారు తిరగమోత వాసన మెట్లెక్కి వస్తుంది. ఆకలితో కుర్చీలో పడుకున్న మనిషి నోరు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కింది దవడ కొలతలన్నీ పదిన్నర లోపే పెట్టుకుంటాను. నవ్వుకుంటే నవ్వుకోండి, తేడా కనిపిస్తుంది.

పన్ను ఆరబెట్టేది త్రీవే సిరంజితో. ఒక మీట నొక్కితే నీళ్లు, ఇంకోటి నొక్కితే గాలి, రెండూ నొక్కితే తుంపర. గాలి మీట నొక్కినప్పుడు గాలే రావాలి కదా. సముద్రం దగ్గరి ఊళ్లో శ్రావణ భాద్రపదాల్లో అదంత తేలిక కాదు. కంప్రెసర్ పీల్చే గాలిలో ఉన్న తేమ ట్యాంకులో నీరై పేరుకుంటుంది, పైపు వెంట ప్రయాణించి సరిగ్గా కార్డ్ తీసిన అర నిమిషంలో మార్జిన్ మీద చిమ్ముతుంది. ఒక్కోసారి నూనె చుక్కతో సహా. అందుకే పొద్దున్నే తలుపులు తీయగానే ట్యాంకు కింద మర తిప్పి నీళ్లు వదలడం మా ఇంట్లో ముగ్గేసినంత ఖాయం. కొలతకి ముందు సిరంజిని అద్దం మీద ఊది చూస్తాను. అద్దం మీద మచ్చ పడిందంటే ఆ గాలిని నమ్మను.

ఇంత చెప్పినా, నోరు ఎండబెట్టేది నిజానికి నేను కాదు, మా అసిస్టెంట్. సక్షన్ గొట్టం ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు నాలుకని అద్దంతో పక్కకి పట్టాలో ఆ అమ్మాయికి నా మోచెయ్యి కదలికని బట్టి తెలిసిపోతుంది. నేను కార్డ్ లాగేటప్పటికి పుట్టీ ట్రేలో ఉండాలి, ముందూ కాదు వెనకా కాదు. మే నెలలో బయట నలభై దాటినప్పుడు ఈ లెక్క తారుమారవుతుంది. సిలికాన్ గట్టిపడే టైము డబ్బా మీద రాసేది 23 డిగ్రీల గదికి. కరెంటు పోయి ఏసీ ఆగిందంటే పుట్టీ చేతిలోనే బిగుసుకుంటుంది. అందుకని ఎండాకాలం పుట్టీ డబ్బాలు ఫ్రిజ్‌లో ఉంటాయి, చల్లబడితే నెమ్మదిస్తుంది. పుట్టీ పిసికేటప్పుడు రబ్బరు గ్లవుజులు ఉండకూడదు. లాటెక్స్‌లోని గంధకం సిలికాన్‌లోని ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చంపేస్తుంది, పుట్టీ గంటసేపయినా జిగటగానే ఉంటుంది. పుట్టీకే కాదు, లాటెక్స్ గ్లవుజు వేసుకున్న వేలితో పన్నునో చిగురునో తడిమినా అక్కడ లైట్ బాడీ గట్టిపడదు. కొలత అంతా చక్కగా వచ్చి ఒక్కచోట మాత్రం జిడ్డు మిగిలితే ఉమ్మి మీద నేరం మోపుతారు. చాలాసార్లు దొంగ గ్లవుజే.

ఈ సాధనాలూ మందులూ అన్నీ ఉండి కూడా కొన్ని నోళ్లకి ఆ రోజు కొలత తీయకూడదు. నా గొడవంతా ఇక్కడే.

రిటైరైన మాస్టారొకరు బ్రిడ్జి కోసం వచ్చారు. బీపీకి ఏళ్ల తరబడి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారు. చిగుళ్లు ఉబ్బి ముందు పళ్ల సందుల్లోంచి పొంగుకొచ్చాయి. "బీపీ మాత్రకీ పళ్లకీ ఏం సంబంధమమ్మా?" అన్నారు. కొందరిలో ఆ మందు చిగురుని పెంచుతుంది మాస్టారూ, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ కూడా అంతే అని చెప్పి, ఆయన గుండె డాక్టరుకి చీటీ రాసిచ్చాను. మాత్ర మార్చడం వారి పని, నేను చేయమని చెప్పకూడదు. మందు మారి, గార తీసి, కొంత చిగురు కోసి సరిచేసేసరికి వేసవి వెళ్లిపోయింది. మాస్టారు ఓపికగా ఉన్నారు. వాళ్లబ్బాయి మాత్రం, పక్క వీధిలో వారంలో కట్టేస్తారటగదా అని నన్ను రెండుసార్లు అడిగాడు. కడతారు. ఉబ్బిన చిగురు మీద కొలత తీస్తే వచ్చేది ఆ ఉబ్బుకి సరిపోయే బ్రిడ్జి. వాపు తగ్గిన రోజున దాని అంచు గాలికి వేలాడుతుంది.

పొగాకు మా ఊరి పంట, చుట్ట బీడీ తాగేవాళ్లకి కొదవ లేదు. వాళ్ల చిగుళ్లు మోసం చేస్తాయి. నికోటిన్ రక్తనాళాల్ని బిగపడుతుంది కనక పైకి లేతగా, గట్టిగా, రక్తం చుక్క లేకుండా కనపడతాయి. బాగున్నాయనుకుని కార్డ్ పెడితే దిగుతూనే ఉంటుంది, అయిదారు మిల్లీమీటర్ల గుంట. అందుకని చుట్ట తాగేవాళ్ల నోట్లో ప్రోబ్‌తో కొలవకుండా కంటిని నమ్మను. ఇలాంటివాళ్లు పొగాకు మానేసిన కొద్దివారాలకి చిగుళ్లనుంచి రక్తం రావడం మొదలైతే భయపడి వస్తారు, మానేశాకే రోగమొచ్చిందని. నాళాలు తెరుచుకున్నాయి, దాచిపెట్టిన వాపు బయటపడింది, మళ్లీ మొదలుపెట్టకండి అని చెప్పాలి. వక్కపొడి, గుట్కా నమిలేవాళ్లది ఇంకో కష్టం. చెంపలు బిగుసుకుపోయి నోరు రెండు వేళ్లకి మించి తెరవలేరు. ట్రే దూరదు. అక్కడ కార్డూ మందూ తర్వాతి మాట, ముందు ఆ చెంపకి వైద్యం చూడాలి.

ఇక డిసెంబరు, జనవరి. అమెరికా నుంచి, దుబాయ్ నుంచి వచ్చినవాళ్లు. "డాక్టరుగారూ, అల్లుడికి శనివారం ఫ్లైటండీ, ఈలోగా నాలుగు క్యాపులూ పెట్టేస్తే చాలు" అని అత్తగారు వస్తుంది, అల్లుడు వెనకాల ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. నోరు తెరిస్తే చిగుళ్లు ఎర్రగా, తాకితే రక్తం. అక్కడ డెంటిస్టు ఫీజుకి భయపడి రెండేళ్లుగా ఎవరికీ చూపించుకోని నోరు. నేను చెప్పేది ఒకటే: ఇవాళ గార తీస్తాను, పాత క్యాపులు తీసి బాగా పాలిష్ చేసిన టెంపరరీలు పెడతాను, ఫ్లైటెక్కండి. పండక్కి వచ్చినప్పుడు కొలత. సగంమంది ఒప్పుకోరు. ఒప్పుకున్న సగంలో కొందరు నిజంగానే తిరిగొస్తారు, అప్పటికి ఆ చిగుళ్లు చూస్తే కార్డ్ పెట్టబుద్ధి కాదు, అంత చక్కగా పన్నుని అతుక్కుని ఉంటాయి.

టెంపరరీ మాటకొస్తే, కొలతలో సగం అక్కడే ఉంది. చాలామంది డాక్టర్లు దాన్ని అరగంట పనిగా, ఎలాగూ ఊడదీసేదేగా అని చూస్తారు. అంచు గరుకుగా వదిలేసిన టెంపరరీ పది రోజుల్లో ఆరోగ్యమైన చిగురుని కూడా ఉబ్బిస్తుంది. నునుపుగా, మార్జిన్ దగ్గర సరిగ్గా ఆగిన టెంపరరీ కింద వాచిన చిగురు కూడా మానుతుంది. మంచి టెంపరరీ చేసే డాక్టరుకి కార్డ్ డబ్బా చాలాకాలం వస్తుంది.

పళ్లే లేనివాళ్ల సంగతి కూడా దీనికి దగ్గరదే. పళ్ల సెట్టుకి మార్జిన్ ఉండదు, కార్డూ ఉండదు. కానీ అంగిలి వెనక భాగంలో ఊరే చిక్కటి జిగట ఉమ్మి కొలతలో గుంటలు పెడుతుంది, చన్నీళ్లతో పుక్కిలించి గాజుగుడ్డతో తుడిచాకే ట్రే పెట్టాలి. అంతకన్నా ముఖ్యం, పాత సెట్టు నొక్కి నొక్కి అణిగిపోయిన చిగురు. కొలతకి ముందు ఒకటి రెండు రోజులైనా పాత సెట్టు తీసి ఉంచమంటాం, అణిగినది తేరుకుని తన ఆకారానికి రావాలి. ఈ మాట చెబితే పెద్దమ్మలకి కోపం. "మనవరాలి పెళ్లిలో బోసినోటితో తిరగమంటావా తల్లీ?" అందొకావిడ. ఆ పెళ్లి అయ్యాకే కొలత తీశాం.

పోయినేడు నా దగ్గరికి ఇంట్రా ఓరల్ స్కానర్ అమ్మే కుర్రాడొచ్చాడు. నోట్లో కెమెరా తిప్పితే చాలు, పళ్ల బొమ్మ కంప్యూటర్‌లోకి. పుట్టీ లేదు, వాంతి రావడం లేదు, బస్సులో పార్సిల్ లేదు. కొత్త వింతేమీ కాదు. జ్యూరిక్‌లో మోర్మన్, బ్రాండెస్టినీ 1985లోనే కెమెరా కొలతతో పూరకం చేసి పెట్టారు. అతను తెచ్చిన ప్లాస్టర్ మోడల్ మీద నిమిషంలో స్కాన్ చేసి చూపించాడు, అద్భుతంగా ఉంది. మార్జిన్‌ని తెరమీద అరచేతంత చేసి చూసుకోవచ్చు, బాగోలేని చోటు ఒక్కదాన్నే మళ్లీ తీసుకోవచ్చు. సిలికాన్‌తో ఆ సుఖం లేదు, ఒకచోట పోయిందంటే మొత్తం మళ్లీ మొదలు. ప్లాస్టర్‌కి ఉమ్మి ఊరదు కదా బాబూ అని, కుర్చీలో ఉన్న పేషెంట్ కింది రెండో దవడ పన్ను చూపించాను. లోపలి అంచు చిగురు కిందకి ఉంది, కాస్త రక్తం ఊరుతోంది. కెమెరా వెలుగు దేన్నీ పక్కకి జరపదు, తనకి కనపడిందే తీస్తుంది. రెండుసార్లు తిప్పాడు. తెరమీద మార్జిన్ ఉండాల్సిన చోట ఎర్రటి మసక.

"మేడం, మీరు ముందు కార్డ్ పెట్టేసి, కొంచెం ఆరబెట్టివ్వండి. అప్పుడు బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు.

స్కానర్ కొన్నాను. ఆ ఆర్డర్‌తో పాటే 000 కార్డ్ డబ్బాలు కూడా రాశాను.